నిండుగా ఉన్న ముఖం

ఆసుపత్రికి పలకరింపుకెళ్లేవాళ్ల నోటికి గుమ్మంలోనే ప్లాస్టరు వేయాలి. మొదటి ప్లాస్టరు నాకే వేయాలి.

ఎలమంచిలిలో రైలెక్కి నా పక్కన కూర్చున్న ఒకాయన సెల్లో ఫొటో చూసుకుంటున్నాడు. ఐసీయూ మంచం మీద అతని తమ్ముడట. నేను కొంగ కూడా సిగ్గుపడేంత మెడ సాచి, "ముఖం నిండుగా ఉంది, కోలుకున్నట్టే!" అన్నాను.

ముక్కూ మొహం తెలియని నాతో వరస కలిపేసి అతను అరిచిన అరుపుకి ఇంజను కూడా ఉలిక్కిపడి ఉంటుంది.

"నువ్వు కూడానా బావా! సూడ్డానికొచ్చినోలందరూ ఇదే కూత. అది ఒల్లు సెయ్యడం కాదు, నీరు! ఒంట్లో ఇన్ఫెక్షనెక్కి రక్తనాళాల్లోంచి నీరు కండలోకి కారిపోతంది. విషం పోద్దని మిషనెట్టి రక్తం వడకడతన్నారు. ఎంత వడకట్టినా కారిపోతంటే ఏటి నిలుత్తాది? రేపటికి ఆ కారడం ఆగకపోతే ఆడు దక్కడంట!"

నా ముంజేయి లాక్కుని, ఎముక పిండయ్యేలా బొటనవేలితో నొక్కి వదిలాడు. పడిన గుంట చూస్తుండగానే పూడిపోయింది.

"సూసావా, నీది లెగిసింది. ఆడికి నొక్కితే గుంట అలాగే ఉండిపోతంది."

అప్పటికి దువ్వాడ వచ్చింది; అక్కణ్ణుంచి విశాఖ దాకా నేను ఒక్క మాట మాట్లాడలేదు. మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నమ్మరు.