గంగమ్మ తిట్లకు రెండో కాపీ

చదువుకున్న ఆడది ఎంత శ్రద్ధగా తన కొంప తానే ముంచుకోగలదో తెలియాలంటే నా కంప్యూటర్ కథ వినండి. నవ్వొస్తే ఆపుకోకండి, మా ఇంట్లో ఎవరూ ఆపుకోలేదు.

మా తిరుపతిలో గంగమ్మ జాతరకు వేషాలు కట్టినవాళ్లు నోరారా తిడతారు. అది మొక్కు, ఎవరూ తప్పు పట్టరు. ఆ తిట్లన్నీ మా పెద్దమ్మకు కంఠతా వచ్చు. ఎనభై దాటాక ఒక్కొక్కటే మరిచిపోతుంటే నేను పక్కన కూర్చుని మూడేళ్లపాటు రాసుకున్నాను. తాను బతికుండగానే పుస్తకం తెస్తానని నా దగ్గర మాట తీసుకుంది.

పిల్లలు చూస్తే బాగుండదని వాటిని కంప్యూటర్లో ఒకే ఫైలులో, తాళం వేసిన పెట్టెలో పెట్టినట్టు, పాస్‌వర్డ్‌తో దాచాను. ప్రతి ఆదివారం ఆ పెట్టె బయటి డిస్కులోకి కాపీ అయ్యేలా ఏర్పాటు చేయించాను. కాపీని ఒకసారి తెరిచి చూసుకోమని కంప్యూటర్లు బాగుచేసే మునిరత్నం అప్పుడే చెప్పాడు. నేను ఊరుకుంటానా? బీరువాకు తాళం వేసి, సరిగ్గా పడిందో లేదో దొంగను పిలిచి అడుగుతామా అని అరగంట వాదించి గెలిచాను.

మొన్న వేసవిలో కంప్యూటర్ బాగుచేయడానికి వీల్లేకుండా చెడిపోయింది. ధీమాగా డిస్కులోని కాపీ తెరిచాను. మూడేళ్ల కిందట మొదటిరోజు రాసిన రెండే రెండు తిట్లున్నాయి. రెండూ నాకే కుట్టించినట్టు సరిపోయాయి.

డిస్కు పట్టుకెళ్తే మునిరత్నం చూసి నిదానంగా చెప్పాడు. "లోపల నువ్వెంత నింపినా ఈ పెట్టెకు పైన తేదీ మారదక్కా. కాపీ చేసే ప్రోగ్రాము తేదీనే సూస్తాది. పాతదేలే అని వారం వారం వదిలేసినాది."

"ముందే చెప్పొచ్చు కదబ్బా?"

"తెరిచి సూడమని సెప్పినాను. నువ్వు దొంగ కత సెప్పినావు."



మళ్లీ అడిగి రాసుకుందామని పెద్దమ్మ దగ్గరికి పోతే, పాపం, సగం కూడా గుర్తులేవు. "నువ్వు రాసుకున్నావు కదమ్మే, సదువు, ఇంటాను" అంది. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

పైవాటాలో మా ఆడబిడ్డ ఉంటుంది. పదేళ్లుగా మాకు పడదు. తిట్లన్నీ పోయాయన్న నా ఏడుపు విని ఆమె మెట్లు దిగి వచ్చి, ఒక లావుపాటి నోట్‌బుక్ నా ముందు పడేసింది. తెరిస్తే, "వాని మీసాలు మేకలు మెయ్య" మొదలుకొని నా తిట్లన్నీ వరసగా, తేదీలతో సహా ఉన్నాయి.

మీతో దాచడమెందుకు, తిట్టును రాసుకుంటే చాలదు కదా, పదును చూడాలి. పిల్లలు బడికి పోయాక ప్రతిదాన్నీ మా ఆయన మీద ప్రయోగించేదాన్ని. అదంతా ఆమె పైవాటా కిటికీలోంచి విని రాసుకుంది.

"ఎందుకు రాసినావు వదినా?"

"నా తమ్ముణ్ణి ఎన్నేసి మాటలంటాండావో నలుగురిలో సదవాలని. దీన్నే ఇంకోటి తిరగరాసి చిత్తూర్లో చెల్లెలింట్లో పెట్టినాను. ఇది పోతే యాడ ఎతికేది?"

ఇంగిత జ్ఞానమంటే అదీ. ఆమె కాళ్లకు దండం పెట్టాను. పుస్తకం వచ్చింది. పెద్దమ్మ ఒళ్లో పెట్టుకుని చదివించుకుని, నేను తప్పు రాసిన చోటల్లా నన్ను తిట్టింది. మొదటి పేజీలో కృతజ్ఞతలు మా ఆడబిడ్డకే.

గంగమ్మ సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ఏ కాపీనైనా పాస్‌వర్డ్ కొట్టి, తెరిచి, లోపల చూసుకుంటాను. మా ఆయనను మాత్రం కిటికీలు తీసిపెట్టే తిడతాను.