బోర్లించిన కప్పు

దయ్యాల సంగతి తర్వాత, బతికున్న మనుషుల మాటే నేను ఓ పట్టాన నమ్మను. ఇరవై ఆరేళ్లుగా సిటీ బస్సులో కండక్టర్‌ని. టికెట్ తీసుకోకుండానే తీసుకున్నానని పిల్లల మీద ఒట్టేసేవాళ్లను రోజుకు నలుగురిని చూస్తాను. పోయినవాళ్లు నిద్రలో ఉంటారని మా చర్చిలో చెబుతారు. ఆ మాట నాకు నచ్చింది. నిద్రపోయేవాళ్లు ఎవరి జోలికీ రారు కదా. అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను.

సైదాబాద్‌లో మా ఇంటి ముందుగదిలో ఒక అద్దాల అల్మారా ఉంది. అందులో మూతపడిన హోటళ్ల కప్పులు, సాసర్లు, కంపెనీ పేరు అచ్చుపోసిన గోలీసోడా సీసాలు, నాలుగైదు పాత జాడీలు ఉంటాయి. గురువారం ఆఫ్ పెట్టించుకుని, ఆ రోజే సాగే పాత సామాన్ల సంత జుమేరాత్ బజార్‌లో నేల మీద పరిచిన తుక్కులోంచి ఒక్కొక్కటీ ఏరుకొచ్చినవి. మా ఆయన వచ్చిన చుట్టాలందరికీ ఆ అల్మారా చూపించి, "మా ఇంటామె హోటల్ పెట్టింది గానీ చాయ్ మాత్రం పొయ్యదు" అంటుంటాడు.

నాకు ఎవరూ నేర్పలేదు. పట్టుకుని చూసి చూసి తెలుసుకున్నాను. కప్పు పాతదో కాదో పైన చూస్తే తెలియదు, బోర్లించి అడుగు చూడాలి. ఏళ్ల తరబడి బల్లల మీద జరిగిన కప్పుకు అడుగున సన్నని గీతలు అన్ని వైపులకూ పడి ఉంటాయి. సాండ్‌పేపర్‌తో రుద్ది పాతదానిలా చేసిన కప్పుకు గీతలన్నీ ఒకే వైపుకు ఉంటాయి. పాత కప్పు మీద హోటల్ పేరు మెరుపు పూత కింద ఉంటుంది, గోటికి తగలదు. ఇవన్నీ ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్కో కప్పుకు ఒక్కో పేజీ. అంచు గీత రంగు, అక్షరాల కొలత, అడుగున ముద్ర, బొమ్మతో సహా.

ఈ పిచ్చంతా పట్టింది ఒక్క కప్పు వల్ల.

మా బాపు చిన్నతనంలోనే పనికి చేరి, నయాపూల్ దగ్గర ఒక ఇరానీ హోటల్‌లో ముప్పై ఏళ్లు బేరర్‌గా చేశాడు. నా పదో ఏట హోటల్ మూసేసిన రోజు సేఠ్ ఒక్కో బేరర్‌కు ఒక కప్పు, సాసర్ ఇచ్చి పంపాడు. మందపాటి తెల్ల కప్పు, అంచు కింద ఆకుపచ్చ గీత, దాని కింద ఉర్దూలోనూ ఇంగ్లీషులోనూ హోటల్ పేరు. బాపు పోయేదాకా ఉప్పుగూడలోని మా పుట్టింట్లో దాంట్లోనే చాయ్ తాగాడు.

ఆ హోటల్‌లో ఒక పద్ధతి ఉండేది. కప్పుకు అంచు లేచినా, పగులు కనబడినా బేరర్ దాన్ని సాసర్‌లో బోర్లించి పెట్టేవాడు. నోటితో ఒక్క మాట చెప్పక్కర్లేదు. కడిగేవాడు దాన్ని తీసి పక్కన పడేసేవాడు. అది మళ్లీ గిరాకీ ముందుకు వచ్చేది కాదు. బాపుకు ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. నా తొమ్మిదో ఏట స్కూల్లో ఎవరిదో పెన్ను తెచ్చి, దొరికిందని చెప్పాను. బాపు తిట్టలేదు, కొట్టలేదు. పొద్దున నా చాయ్ గ్లాసు బోర్లించి పెట్టి డ్యూటీకి పోయాడు. ఆ పెన్ను ఇచ్చేసి వచ్చేదాకా ఆ గ్లాసు ముట్టుకునే ధైర్యం నాకు రాలేదు.

ఆ కప్పు గురించి ఇంకొక్క సంగతి చెప్పాలి. దాని అడుగున, అంచు పక్కన, పూత అంటని చోటు ఒకటి ఉంది. పూతలో ముంచేటప్పుడు ఎవరో వేలితో పట్టుకున్న గుర్తు. చింతగింజంత గరుకు మచ్చ. చిన్నప్పుడు బాపు చాయ్ తాగడం అయ్యాక కప్పు నాకిస్తే నా చిటికెన వేలు అందులో పెట్టుకునేదాన్ని. సరిగ్గా సరిపోయేది. నోటుబుక్కులో మొదటి పేజీ ఈ కప్పుదే, కానీ ఈ సంగతి మాత్రం అందులో రాయలేదు. అది నాకూ బాపుకూ మధ్య సంగతి, కొలతల్లో రాయబుద్ధి కాలేదు.

బాపు పోయాక ఉప్పుగూడ ఇల్లు మా తమ్ముడు వినోద్‌కు వదిలేశాను. అమ్మ చిన్నప్పుడే పోతే వాడికి అన్నం కలిపి పెట్టి పెంచింది నేనే, వాడితో నాకు లెక్కలేంది? నాకు కప్పు ఒక్కటి చాలన్నాను. ఇస్తానన్నాడు. అడిగినప్పుడల్లా ఇంకొన్ని రోజులు ఉండనీ, బాపు ఇంట్లో ఉన్నట్టుంటుంది అనేవాడు. ఆ మాటకు నాకు కళ్ళు చెమర్చేవి. మూడేళ్లు అలాగే గడిచాయి. పోయిన క్రిస్మస్‌కు తనే తువ్వాలులో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

నేను ఏడ్చాను. అల్మారాలో నడిమి అరలో ముందు వరుసలో పెట్టాను. బోర్లించి చూడలేదు. బజార్‌లో పది రూపాయల సాసర్‌ను కూడా ఎండకు పట్టి చూసేదాన్ని, మా తమ్ముడు తెచ్చిన కప్పును తిప్పి చూడలేదు. బాపు కప్పుకు పరీక్షేంది అనుకున్నాను.

జనవరిలో ఒకరోజు ఫస్ట్ షిఫ్ట్ దిగి మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చాను. అల్మారాకు వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల బాపు కప్పు సాసర్‌లో బోర్లించి ఉంది. మా ఆయన దుమ్ము దులిపి ఉంటాడని తిప్పి పెట్టాను. తర్వాత గుర్తొచ్చింది. తాళం చెవి నా డ్యూటీ బ్యాగులోనే ఉంది.

నాలుగు రోజులకు మళ్లీ బోర్లించి ఉంది. పక్కనున్న కప్పు ఒక్కటి కూడా కదలలేదు. లారీలు పోతుంటే అద్దాలు అదురుతాయి నిజమే, కానీ అదిరితే కప్పు పడుతుంది, లేచి సాసర్‌ మధ్యలో బుద్ధిగా బోర్లా కూర్చోదు. మా ఆయన మీద అనుమానం వచ్చి గట్టిగానే అడిగాను. ఆయన నన్ను డాక్టర్‌కు చూపిస్తానన్నాడు. ఆ వారమే ఆయన పెయింటింగ్ పని మీద జహీరాబాద్ పోయి పది రోజులు ఉన్నాడు. ఇంట్లో నేనొక్కదాన్నే. ఇంట్లో పడి ఉన్న పాత టికెట్ కాగితం ఒకటి తీసి, అల్మారా రెండు తలుపుల మధ్య అన్నం మెతుకుతో అంటించి, దాని మీద సంతకం పెట్టి డ్యూటీకి పోయాను. వచ్చి చూస్తే కాగితం చిరగలేదు. సంతకం సంతకంలాగే ఉంది. కప్పు బోర్లించి ఉంది.

ఆ పది రోజుల్లో మూడుసార్లు అలా జరిగింది. మూడుసార్లూ పట్టపగలే. ప్రతిసారీ తిప్పి పెట్టాను. ఒక నిజం ఒప్పుకోవాలి. తిప్పేటప్పుడు ప్రతిసారీ నా చూపు పక్కకు తిప్పుకున్నాను. నా వేలు ఆ అడుగుకు తగలకుండా పిడి పట్టుకునే తిప్పాను. కప్పు బోర్లా ఉందంటే దాని అడుగు నాకు ఎదురుగా ఉన్నట్టే. నేను భయపడింది దయ్యానికి కాదు, ఆ అడుగుకే.

ఆ తర్వాత మళ్లీ బోర్లించి కనబడినప్పుడు మాత్రం చూశాను. గురువారం పొద్దున, కిటికీ దగ్గర నిలబడి. అడుగున గీతలన్నీ ఒకే వైపుకు ఉన్నాయి. హోటల్ పేరు గోటికి తగిలింది. గరుకు మచ్చ కోసం చిటికెన వేలితో అంచు చుట్టూ తడిమాను. ఎక్కడా లేదు. అంతా నున్నగా ఉంది.

అప్పటికీ నా మనసు ఒప్పుకోలేదు. సంచిలో వేసుకుని బజార్‌కు పోయి, అక్కడ ఎన్నో ఏళ్లుగా పాత సామాన్లు అమ్మే గౌస్ భాయ్‌కు చూపించాను. ఎవరిదో అని చెప్పాను. ఆయన గోరుతో ఒక్కసారి మీటి, "ఇది పాతది కాదు ఆపా, డికాక్షన్‌ల నానబెట్టి పాతది చేసిన్రు" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి తనూ తికమకపడ్డాడు. దసరా ముందు ఒకతను ఫోన్‌లో ఒక నోటుబుక్కు ఫోటోలు చూపించి ఇలాంటి కప్పు ఎవరు చేస్తారని అడిగాడట. బజార్‌కు ఆ నోటుబుక్కు పట్టుకుపోయేదాన్ని కాబట్టి నా దస్తూరీ గుర్తుపట్టి, నేనే చేయించుకుంటున్నానేమో అనుకుని, కప్పుల మీద బొమ్మలు అచ్చువేసే దుకాణం పేరు చెప్పాడట. ఫోన్ తెచ్చినతను ఎలా ఉంటాడని నేను అడగలేదు. నా నోటుబుక్కు మా ఇంట్లో బయటివాళ్లెవరూ ముట్టుకోరు. దసరా ముందు వినోద్ మా ఇంటికొచ్చి రెండు రోజులు ఉన్నాడు.

అక్కణ్ణుంచే ఉప్పుగూడ పోయాను. వాడు దాచలేదు. కొత్త సిటీలో ఎవరో పాతకాలపు ఇరానీ హోటల్ లాంటిది పెడుతున్నారట, గోడల నిండా పాత సామాన్లు కావాలన్నారట. వీడు బాపు కప్పు తీసుకెళ్లి ఇచ్చాడు. సూపర్‌వైజర్ పని దొరికింది. "నీ అల్మారల ఉంటే ఎవరు సూస్తరక్కా? ఆడ దినాం ఎంతమంది సూస్తున్నరు" అన్నాడు.

పని కోసం కావాలని అడిగితే నేనే ఇచ్చేదాన్నేమో. అదే అన్నాను. నా చేతి రాతతోనే నాకు దొంగ కప్పు ఎందుకు చేయించావురా అన్నాను. నాకు తెలిసిపోతుందని భయం వేయలేదా అన్నాను.

వాడు తల దించుకుని చెప్పాడు. "నేనిస్తే నువ్వు తిప్పి సూడవని తెలుసు అక్కా."

ఇన్ని నెలలైనా ఆ మాట నా చెవిలోంచి పోలేదు. బస్సులో ఎవరైనా అక్కా అని పిలిచినా అదే వినబడుతుంది. వాడు నన్ను తెలివితక్కువదాన్ననుకుని మోసం చేయలేదు, నమ్ముతానని తెలిసి మోసం చేశాడు. పూత అంటని మచ్చ గురించి అడిగితే ఏ మచ్చ అన్నాడు.

కప్పు తెచ్చుకుందామని ఆ హోటల్‌కు పోయాను. చెక్క పలక మీద సాసర్‌ను, సాసర్‌లో కప్పును జిగురుతో అతికించి, అద్దం బిగించి గోడకు కొట్టేశారు. కదపాలంటే పగలగొట్టాల్సిందే. అడుగు ఇంక ఎవరికీ కనబడదు. అది నిజంగా బాపు కప్పేనని నేను కూడా రుజువు చేయలేను. కింద నిలబడి ఎవరో సెల్ఫీ తీసుకుంటున్నారు. చాయ్ ఆర్డర్ ఇవ్వకుండానే వచ్చేశాను.

దొంగ కప్పును పారేయలేదు. అల్మారాలో అదే చోట మామూలుగా నిలబెట్టాను. అడుగు చూసిన రోజు నుంచి ఈ రోజు వరకు అది మళ్లీ బోర్లలేదు. బోర్లిన సంగతి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు, వినోద్‌కు అసలే చెప్పలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా ఆయన ఇంకా చర్చి దగ్గరే ఉన్నాడు. ఎంత కోపమున్నా చాయ్ ఇవ్వకుండా పంపలేను, అది బాపు ఇంటి మర్యాద. రోజూ వాడే మామూలు కప్పులో పోసి ఇచ్చాను. వాడు తాగాడు. మాఫ్ చెయ్యమన్నాడు. నేను పొయ్యి కట్టేయడానికి వంటింట్లోకి పోయి వచ్చాను. పట్టుమని నిమిషం కూడా కాలేదు.

వాడి ముందు కప్పు సాసర్‌లో బోర్లించి ఉంది.

వాడు చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. బాపు పద్ధతి వాడికీ తెలుసు. సిగ్గుపడి వాడే బోర్లించి ఉండొచ్చు. నా మనసు కరిగించడానికి చేసి ఉండొచ్చు. నేను అడగకముందే వాడు తలెత్తి, "నేను కాదక్కా" అన్నాడు.

ఆ కప్పు ఎవరు బోర్లించారో నాకు ఈ రోజుకూ తెలియదు. తాళం వేసిన అల్మారాలో కప్పు తిప్పింది ఎవరో కూడా తెలియదు. ఇదివరకైతే మా తమ్ముడి ఆ ఒక్క మాట నాకు చాలేది.