సీసం చేసిన తప్పు

యోబుకు ఆ పేరు పెట్టడమే పెద్ద పొరపాటు. బైబిల్లోని యోబు ఒళ్లంతా కురుపులు లేచినా ఓర్చుకున్నాడు. నంద్యాల బస్టాండు పక్కన రబ్బరు స్టాంపులు, ఇత్తడి ముద్రలు చెక్కే ఈ యోబు టీ ఆలస్యమైతేనే మూడు వీధులకు వినపడేలా అరుస్తాడు. పనిమాత్రం దేవుడిచ్చింది. ముద్ర మీద అక్షరాన్ని తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఇరవై ఏళ్లు అదే పని చేసి చేసి, ఒకసారి ఇంటి గుమ్మం మీద తన పేరు కూడా తిరగేసి రాసుకున్నాడట. ఇల్లు దొరకక పోస్ట్‌మ్యాన్ మూడు నెలలు ఆ వీధిలోనే తిరిగాడట.

1972లో స్వాతంత్ర్యానికి ఇరవై అయిదేళ్లు నిండాయి. సమరయోధులకు తామ్రపత్రాలు ఇస్తారన్నారు. జైలు కాగితాలు లేనివాళ్లు ఉద్యమంలో రొమ్ముకు పెట్టుకున్న ఆనాటి బిళ్ల చూపినా పేరు పంపుతామని ఊళ్లోని సంఘం వాళ్లు ఒప్పుకున్నారు. బిళ్ల అసలుదో నకిలీదో తేల్చే పని యోబు నెత్తిన పడింది.

ఇక మహానంది తిరునాళ్లకు కూడా అంత జనం రారు. ఒకడు బస్సు కండక్టరు బిళ్ల తెచ్చాడు. ఇంకొకడు సోడా మూత సాగగొట్టి దాని మీద రాట్నం గీసుకొచ్చాడు. కోయిలకుంట్ల పెద్దమనిషి ఒకాయన తెచ్చిన బిళ్ల మీద 1930 అని ఉంది, కింద అశోకచక్రం ఉంది.

"ఏందప్పా, పదిహేడేండ్ల ముందే కలగన్యావా?" అని యోబు అరిచాడు.

"నాకు ముందుచూపు ఎక్కువలేప్పా," అన్నాడాయన, సిగ్గుపడకుండా.

ఆ గోలలోనే ఆళ్లగడ్డ నుంచి నరసమ్మ అనే ముసలామె సీసం బిళ్ల తెచ్చింది. 1931లో కల్లు మానమని కల్లంగడి ముందు నిలబడి పోలీసు దెబ్బలు తిన్న మనిషి. సీసం నల్లబడిన తీరు, వెనక సూది అరిగిన తీరు చూసి యోబు 'అసలుది' అని రాసి ముద్ర వేశాడు.

మర్నాడు సంఘం గుమాస్తా కరుణాకర్ ఆ బిళ్ల పట్టుకొచ్చాడు.

"యోబన్నా, దీన్ని సదువు."

"స్వరాజ్య సేవిక."

"యాడ్నుంచి సదువుతాండావ్?"

"కుడిపక్క నుం..." యోబు బిళ్లను వెలుతురుకు పట్టి చూశాడు. అద్దంలో చూసినట్టు అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అలవాటు పడిన కన్ను ఆ సంగతే పట్టించుకోలేదు.

"నవ్వుతారన్నా! సోమవారం పేర్లు పంపుతాం. ఆ లోపల రుజువు తేకుంటే, దొంగ బిళ్ల తెచ్చిందని రాసి ఆయమ్మ పేరు కొట్టేస్తాం."

భార్య లూదియా లోపలి నుంచే అంది. "తిరగబడింది నీ కండ్లు. దొంగ పేరు ఆయమ్మకా?"

బస్సును, డ్రైవర్ను, రోడ్డును తిట్టుకుంటూ యోబు ఆళ్లగడ్డ చేరాడు.

"అవ్వా, ఈ బిళ్ల చేసిందెవురు?"

"శేషాచారి రాయిలో చెక్కినాడు, మేం సీసం పోసుకున్యాం నాయనా."

"తిరగబడిందని ఒక్కరూ చెప్పల్యా?"

"సదువొచ్చినోళ్లంతా జైల్లో ఉండ్రి. కల్లంగడి కాడ సదివేదెవురు? తాగినోళ్లకు సక్కగానే కనపడింటాది."

శేషాచారి విగ్రహాలు చెక్కే ఇంటివాడు. ఎనభై ఏళ్లు. తలుపు కొట్టుకోకుండా అడ్డంపెట్టిన రాయిని తీసి చూపించాడు. సీసం పోసిన అచ్చు అదే. అందులో అక్షరాలు సరిగ్గా, ముత్యాల్లా ఉన్నాయి. రాతి మీద శాసనం చెక్కే చెయ్యి అచ్చును కూడా శాసనంలాగే చెక్కింది, అందుకే సీసంలో తిరగబడ్డాయి. 'సే' అంచున రాయి కాస్త పెచ్చు లేచింది. బిళ్ల మీద అదే చోట బుడిపె ఉంది.

"తాతా, పొరపాటున సక్కగా చెక్కినానని ఒక ముక్క రాసియ్యి."

"పొరపాటా? నేను నందిని చెక్కితే ఆవులొచ్చి నాకినాయి! నా అక్షరం సక్కగా ఉండాది. రాయను. ఆ రాయి కూడా గడప దాటదు."

మధ్యాహ్నం దాకా వాదించి యోబుకు గొంతు పోయింది. చివరికి బిళ్లకు సిరా పూసి కాగితం మీద అద్దాడు. 'స్వరాజ్య సేవిక' అని పెచ్చు గుర్తుతో సహా సరిగ్గా పడింది. దాని కింద రాశాడు. 'రాతిలో ఏ లోపమూ లేదు. తప్పు సీసానిది.' శేషాచారి రెండుసార్లు చదివించుకుని సంతోషంగా సంతకం పెట్టాడు.

సోమవారం సంఘం ఆఫీసులో కరుణాకర్ ఆ కాగితాన్ని పైకి చదివాడు. పక్కనే ఉన్న నరసమ్మ దిగ్గున లేచింది.

"సీసం పోసింది నేను! తప్పు నాదంటావా?"

"అవ్వా, నీ పేరు ఎక్కతాంది, ఊరికుండు!" అన్నాడు యోబు.

"పేరు యాడన్నా పోనీ. ఆ ముక్క కొట్టెయ్యి."

"కొట్టేస్తే ఎట్లవ్వా?" అన్నాడు కరుణాకర్. "తప్పు ఎవరిదో ఒకరిదని కాగితంలో ఉండాల."

యోబు కలం లాక్కుని 'సీసానిది' అన్న మాట కొట్టేసి 'నాది, యోబు' అని రాసి, నెత్తి కొట్టుకుంటూ బయటికి నడిచాడు.

నరసమ్మకు తామ్రపత్రం వచ్చింది. యోబు మాత్రం 1984 దాకా, సంఘానికి కొత్త సెక్రటరీ వచ్చినప్పుడల్లా, ఆ దస్త్రం దిద్దమని అర్జీ పెడుతూనే ఉన్నాడు. 1931లో బిళ్లలు తిరగబడినందుకు అందులో బాధ్యుడు ఆయనే. అప్పటికి ఆయన పుట్టనేలేదు.