గడియల్లేని ఇల్లు

తెనాలిలో నాన్న అమ్మను కొట్టేముందు లోపల్నుంచి గడియ పెట్టేవాడు. ఆ చప్పుడు వినగానే నేను మంచం కిందికి దూరేదాన్ని. ఎనభైల చివర్లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, అమ్మ తన టీచరు ఉద్యోగాన్ని రేపల్లెకు మార్పించుకుని నన్ను తీసుకుని రైలెక్కేసింది.

అక్కడ తాతయ్య ఇచ్చిన స్థలంలో జపాన్‌వాళ్ళ ఇల్లులాంటిది కట్టిస్తానంది. స్కూలు లైబ్రరీలో పాత పత్రికలో చూసిందట. రాళ్ళమీద చెక్క స్తంభాలు, మేకుల్లేకుండా ఒకదాన్లో ఒకటి దూర్చిన దూలాలు, పక్కకు జరిగే తలుపులు. నిజాంపట్నంలో పడవలు చేసే వడ్రంగి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు.

"పడవా ఇంతేనమ్మా. మరీ బిగిస్తే విరుగుద్ది. కాస్త ఊగనిస్తే నిలబడుద్ది."

"తలుపులకు గడియలొద్దు బాబాయ్," అంది అమ్మ.

ఇల్లు పూర్తయ్యాక, గృహప్రవేశంనాడు పాస్టరుగారు ప్రార్థన చేసి వెళ్ళిన మధ్యాహ్నమే నాన్న వచ్చాడు. తాగి ఉన్నాడు. పెరట్లో కట్టెలు కొట్టే గొడ్డలి అందుకున్నాడు.

"నన్నొదిలేసి సొంత కొంప కట్టుకుంటావా?"

తలుపుల చట్రాలు విరగ్గొట్టాడు. విరిగిన చెక్కతో అమ్మ తలమీద కొట్టాడు. నేను అతని చెయ్యి కొరికితే విసిరికొట్టాడు. నా నోట్లో రక్తం నాదో అతనిదో తెలియలేదు. తర్వాత నడిమి స్తంభాన్ని నరకడం మొదలెట్టాడు. గడియ లేదు కాబట్టి ఇరుగుపొరుగువాళ్ళు నాలుగువైపుల్నుంచీ లోపలికొచ్చేశారు. ప్రార్థనకొచ్చి ఇంకా వెళ్ళని వడ్రంగి అతన్ని వెనకనుంచి పట్టి నేలకేసి కొట్టాడు. అమ్మ తలకు ఏడు కుట్లు పడ్డాయి.

తొంభైలో తుఫాను వచ్చింది. పట్టపగలే చీకటి పడింది. పక్కింటి ఇటుక గోడ కూలి గేదె చచ్చిపోయింది. ఆ ఇంటివాళ్ళు ఏడుస్తూ మా ఇంట్లోకి పరుగెత్తుకొచ్చారు. పెంకులు ఎగిరిపోతుంటే ఇల్లంతా మూలుగుతూ ఊగింది. గొడ్డలి గాటు దగ్గర నడిమి స్తంభం చిట్లడం మొదలైంది. అమ్మ బావి చేద తాడు తెచ్చింది. పక్కింటాయన, అమ్మ, నేను కలిసి దాన్ని చుట్టి చుట్టి బిగించాం. మా అరచేతులు చీరుకుపోయాయి. సాయంత్రానికి గాలి తగ్గింది. స్తంభం నిలబడే ఉంది.

మూడోరోజు నాన్న వచ్చాడు. రైళ్ళు లేవు. మోకాళ్ళదాకా బురదతో, చేతిలో రొట్టె పొట్లంతో వాకిట్లో నిలబడ్డాడు.

"బతికున్నారా?"

"బతికున్నామండి," అంది అమ్మ. చెంబుతో నీళ్ళిచ్చింది. అతను తాగాక చెంబు తీసుకుని, "ఇక వెళ్ళండి," అంది.

అతను వరండా మెట్టుమీద కాలు పెట్టాడు. నేను వంటగదిలోంచి కత్తిపీట పట్టుకుని వచ్చాను. నిజంగానే వేసేద్దామనుకున్నాను. నా ముఖం చూసి అతను కాలు వెనక్కి తీసుకున్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా అమ్మ కదల్లేదు. తర్వాత నా చేతిలోంచి కత్తిపీట లాక్కుని, నన్నొక్క చెంపదెబ్బ కొట్టి, గట్టిగా పట్టుకుని ఏడ్చింది.