మా అత్త మరిగించేసిన మందు

బెంగాల్లోని ఇందాలో మాది గాజుల దుకాణం. చెయ్యి చూసి సైజు చెప్పేస్తాను, బేరమాడేవాళ్లతో బెంగాలీలో సరదాగా వాదిస్తాను. అలాంటిది ఆ రోజు, రెండు డజన్లు తీయించి కొనకుండా లేచిన ఒక దీదీ మీద అరిచేశాను. ఆమె వెళ్లాక కౌంటర్ వెనక కూర్చుని ఏడ్చాను. ఎందుకో నాకే తెలియదు.

అంతకుముందు ఇన్‌ఫెక్షన్ వచ్చి యాంటీబయాటిక్స్ కోర్సు వాడాను. అప్పట్నించీ కడుపుబ్బరం, విరేచనాలు. బ్లడ్ టెస్ట్, స్టూల్ టెస్ట్, అల్ట్రాసౌండ్ అన్నీ నార్మలే. నేను మాత్రం నార్మల్‌గా లేను. మనిషి ముఖం చూడబుద్ధయ్యేది కాదు. దుకాణం ఎవరికైనా ఇచ్చేద్దామని, వర్క్‌షాపులో ఫిట్టరైన మా ఆయనతో అనేశాను కూడా.

మూడో విజిట్‌లో డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి, "మొన్ కెమొన్ ఆఛే?" అన్నారు. మనసెలా ఉందని. అంతవరకు దాచిందంతా కక్కేశాను.

"పేగులకీ బ్రెయిన్‌కీ కనెక్షన్ ఉంది. ప్రోబయాటిక్స్‌తో, అంటే మంచి బ్యాక్టీరియాతో, కొందరికి మూడ్ కూడా మెరుగవ్వొచ్చు, గ్యారంటీ లేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు రోజూ తినండి. కౌన్సెలర్‌ని కూడా కలవండి," అన్నారు.

పెరుగు బాధ్యత మా అత్త తీసుకుంది. శ్రీకాకుళం చెయ్యి, గడ్డపెరుగుకి తిరుగులేదు. మూడు వారాలు రోజూ పెట్టింది. కాకపోతే మజ్జిగ పులుసు చేసి! ఓ రోజు ములక్కాడ, ఓ రోజు సొరకాయ. రుచికి వంకపెట్టలేను, కడుపు మాత్రం ఎక్కడిదక్కడే.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే అత్త కూడా వచ్చింది. సంగతి విని డాక్టరమ్మ, "మరిగిస్తే మంచి బ్యాక్టీరియా చచ్చిపోతుంది కదా!" అన్నారు.

"ఓలమ్మో! మందుని నానే సంపేసినానా? పచ్చి పెరుగు జలుబు సేత్తాదని మరిగించినాను గదే!"

ఆ మాట డాక్టరమ్మకి బెంగాలీలో చెప్పబోయి నవ్వేశాను. ఆపుకోలేకపోయాను. అత్తా నవ్వింది. ఎన్నాళ్లకో వచ్చిన నవ్వు, ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ రోజు నుంచి పెరుగన్నం, వారానికోసారి కౌన్సెలింగ్. మధ్యలో పుచ్కాలు, అదే పానీపూరీలు, తిని నాలుగు రోజులు మంచమెక్కాను, అది నా నాలుక చేసిన పని. నెలన్నరకి కడుపు కుదుటపడింది, మనసు తెరిపినపడింది. పెరుగు ఎంత చేసిందో, కౌన్సెలింగ్ ఎంత చేసిందో డాక్టరమ్మే చెప్పలేనన్నారు. నాకూ ఆ ఆరా అక్కర్లేదు.

ఇప్పుడు షట్టర్ నేనే ఎత్తుతున్నాను. దసరా పూజల రద్దీకి కొత్త సరుకు దింపాను. పక్క దుకాణం దాదా, "బౌదీ," అంటే వదినా, "మీ గొంతు మళ్లీ రోడ్డు దాకా వినపడుతోంది," అంటున్నాడు.

ఒక్క మాట చెప్తాను. కడుపు చూపించుకోవడానికి వెళ్తే, ఊరికే ఏడుపొస్తోందన్న సంగతి కూడా అక్కడే చెప్పండి. సిగ్గుపడి నేను రెండు విజిట్లు దాచాను. ఇంకొక్కటి దాచి ఉంటే, దుకాణం పోయేది.