పిన్ని ఎదుట ఏడవకండి

మా పిన్నికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరి కంట్లో నీళ్లు కనబడినా ఊరుకోదు. ఓదార్చదు, కారణమూ అడగదు. హ్యాండ్‌బ్యాగు తెరిచి, గ్లౌజులు తొడుక్కుని, సన్నటి కాగితపు ముక్క కింది రెప్పలో పెట్టేస్తుంది. అది తడిసేదాకా కదలొద్దంటుంది.

పిన్ని పనిచేసేది ల్యాబులో. రొమ్ము క్యాన్సర్ గడ్డగా చేతికి తగలకముందే దాని జాడ రక్తంలోనో, ఉమ్మిలోనో, కన్నీళ్లలోనో దొరుకుతుందేమోనని అక్కడ వెతుకుతుంటారు. పిన్ని వాటాకి కన్నీళ్లు వచ్చాయి. దాంతో మా ఇంట్లో ఎవరికీ తీరిగ్గా ఏడ్చుకునే భాగ్యం లేకుండా పోయింది.

పరీక్ష తప్పి నేను తలుపేసుకుంటే కాగితంతో వచ్చింది. సినిమా చూస్తూ తాతయ్య కళ్లు తుడుచుకోబోతే చెయ్యి పట్టుకు ఆపింది. బాబాయి మాత్రం ఉల్లిపాయలు తరుగుతూ సరదాపడి మొహం ముందుకు చాపితే, ఇవి పనికిరావు పొమ్మంది. ఆయన వారంపాటు అలిగాడు.

మొన్నామధ్య అమ్మ వంటింట్లో నిలబడి ఏడుస్తోంది. ఏమిటని అడిగితే తలనొప్పంది. పిన్ని వచ్చి కూర్చోబెట్టి కాగితం పెట్టింది. రెప్పలో కాగితం ఉంటే లేచిపోలేం, ఎదుటి మనిషిని సరిగ్గా చూడనూ లేం. కాసేపటికి అమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది. స్నానం చేస్తుంటే రొమ్ములో గడ్డ తగిలిందట. భయపడి నెల్లాళ్లుగా దాచుకుందట.

పిన్ని మర్నాడే ఆస్పత్రికి లాక్కెళ్లింది. స్కానూ, సూది పరీక్షా అయ్యాక క్యాన్సరేనని తేలింది. మొదట్లోనే వచ్చారు, నయమవుతుందని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఆపరేషన్ అయింది. అమ్మ ఇప్పుడు మళ్లీ మా అందరి మీదా కేకలేస్తోంది. ఆ కేకలు వింటుంటే ప్రాణానికి హాయిగా ఉంది.

"అమ్మ కన్నీళ్లలో మీ ల్యాబుకి ఏం దొరికింది పిన్నీ?" అని అడిగాను పొంగిపోతూ.

"అవి ల్యాబుకెందుకు వెళ్తాయిరా? ఒప్పుకుని సంతకం పెట్టి అక్కడికొచ్చినవాళ్లవే తీసుకుంటాం. ఇంట్లోవాళ్లవి పనికిరావు."

"మరి తాతయ్యవి? నావి?"

"చెత్తబుట్టలో వేశాను."

"అలాంటప్పుడు ఈ కాగితాలెందుకు?"

"ఊరికే పక్కన కూర్చుంటే ఎవరు చెబుతారు? ఏం లేదని లేచిపోతారు. కాగితం పెడితే కదలరు."

ఉల్లిపాయల కన్నీళ్లు ఎందుకు పనికిరాలేదో అప్పుడర్థమైంది. పరీక్ష తప్పిన రోజు, ఆ చదువంటే నాకిష్టం లేదని మొట్టమొదట చెప్పింది కూడా పిన్నికే, కంట్లో కాగితం పెట్టుకునే. అది గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. కాగితాల గుట్టు బయటపడింది కదా, ఇక నన్ను వదిలేస్తుందిలే అనుకున్నాను.

పిన్ని అప్పటికే గ్లౌజులు తొడుక్కుంటోంది.

"కదలకు" అంది.

బుద్ధిగా కూర్చున్నాను.