టైరులో గాలి తగ్గిందని చెప్పే లైటు

యాభై రెండేళ్లకు కారు నేర్చుకున్నాను. ఆదోని నుంచి ఎమ్మిగనూరులోని మా అక్క ఇంటికి ఒంటరిగా నడుపుకుంటూ పోవాలని నా కోరిక. మా ఆయన మాత్రం "బండి సంగతి తెలీకుండా ఒక్కదానివే యాడికి పోతావు?" అని తాళాలు జేబులో వేసుకునేవాడు.

ఆ బండి సంగతి ఆయనకెంత తెలుసో చెబుతాను. ఆయనది పత్తి వ్యాపారం. చిటికెడు దూది తీసి వేళ్ల మధ్య లాగి పోగు పొడవెంతో చెప్పేస్తాడు, ఎప్పుడూ తప్పు పోదు. చేతుల మీదున్న ఆ నమ్మకం కాళ్లకూ పాకింది. టైరులో గాలి తగ్గిందని స్టీరింగు వెనక పసుపు లైటు వెలిగితే, దిగి నాలుగు చక్రాలనూ తలా ఒక తన్ను తన్ని, "గాలి గట్టిగానే ఉండాది" అని తీర్పు చెప్పి, స్టీరింగు పక్కనున్న బటన్ నొక్కేవాడు. లైటు ఆరిపోయేది. పది రోజుల్లో మూడుసార్లు ఇదే తంతు.

ఒకరోజు ఆయన మార్కెట్ యార్డులో బేరంలో ఉంటే, కారులో ఏమీ తోచక బండితో వచ్చిన పుస్తకం తెరిచాను. ఆ బటన్ లైటు ఆర్పడానికి కాదట. "ఇప్పుడున్న గాలే సరైనది, దీన్నే గుర్తుపెట్టుకో" అని బండికి చెప్పడానికట. అంతకన్నా తగ్గితేనే అది మళ్లీ లైటు వేస్తుంది. అంటే గాలి పట్టించకుండా నొక్కిన ప్రతిసారీ, తక్కువ గాలే సరైనదని దానికి నేర్పుతున్నాడు మహానుభావుడు! నవ్వు ఆగలేదు. కాస్త భయమూ వేసింది.

ఆయన రాగానే చెప్పాను. "పుస్తకం సదివి నాకే సెప్తాండావా?" అని కస్సుమన్నాడు.

"పంక్చర్ షాపుకు పోదాం పదండి. గాలి సరిగ్గా ఉంటే ఒంటరిగా పోతానని ఇంక అడగను" అన్నాను.

తీరా చూస్తే అప్పుడు లైటు వెలగడం లేదు. అనవసరంగా నోరు జారాననిపించింది.

షాపాయన మీటరు పెట్టాడు. ముప్పైమూడు ఉండాలి. మూడు చక్రాల్లో కాస్త అటూ ఇటూగా అంతే ఉంది. వెనక ఎడమ చక్రంలో ఇరవైరెండు. తిప్పి చూస్తే మేకు. దాన్ని పీకి, పంక్చర్ వేసి, నాలుగింటికీ గాలి పట్టాడు.

"సావుకారీ, ఇప్పుడు టైర్లు యేడిగా ఉండాయి, గాలి ఎక్కువ సూపిస్తాది. పొద్దున సల్లగున్నప్పుడు ఇంగోసారి సూసుకొని, అప్పుడు నొక్కండి బటన్" అన్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన ముఖం చిన్నబోయింది. గెలిచినందుకు నేను దెప్పిపొడవాల్సింది. ఆ ముఖం చూసి ఊరుకున్నాను.

మర్నాడు పొద్దున వాకిట్లోకి వస్తే, పంచె ఎగదోపుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. చేతిలో కొత్త మీటరు. ఎప్పుడు కొన్నాడో మరి! నన్ను చూసి లేచి, చొక్కా జేబులోంచి తాళాలు తీసి నా చేతిలో పెట్టాడు.

"నాలుగూ సరిగ్గా ఉండాయి. బటన్ నేను నొక్కలే. నువ్వే నొక్కి, అక్కోళ్లింటికి పో."